మందు కొట్టని తీగ

జీలుగుబందలో ఎవరు కొత్త మొక్క నాటాలన్నా ముందు కనకకి కబురు పెట్టేవారు. గొయ్యి తవ్వుకోవడం, ఎరువు వేసుకోవడం ఇంటివాళ్ల పని. మొక్క మాత్రం కనక చేతిలోంచే గోతిలోకి దిగాలి. ఆమె చెయ్యి మంచిదని ఊరందరి నమ్మకం. ముప్పై ఒక్క గడపల ఊరది. పనస, నారింజ, కాఫీ, మిరియం, ఏది తీసుకున్నా అక్కడ బతికి ఉన్నవాటిలో సగానికి పైగా ఆమె వేళ్లు తాకినవే.

ఆమెకి యాభై రెండేళ్లుంటాయి. ఆధార్ కార్డు మాత్రం అరవై అంటుంది. కార్డు రాసినవాడు ఆమెని అడక్కుండా మొహం చూసి ఒక అంకె వేసుకుపోయాడు. పొట్టి మనిషి, మాట తక్కువ, నడక ఎక్కువ. కొండ ఎక్కేటప్పుడు ఆమె వెనక నడవలేక చెట్టుకి ఆనుకుని ఊపిరి తీసుకున్న సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఆమె ఆగేది, కానీ వెనక్కి తిరిగి చూసేది కాదు. నేను సిగ్గుపడతానని ఆమె మర్యాద.

పుట్టిల్లు చింతపల్లి దగ్గర. పదేళ్ల వయసులో ఒక కాఫీ నర్సరీలో పాలిథిన్ కవర్లకి మట్టి నింపే పనిలో చేరింది. మిరియం తీగని ఏ కణుపు కింద కోయాలి, ఎన్ని కణుపులు మట్టిలోకి దిగాలి, వేరు పట్టిందని ఎలా తెలుసుకోవాలి, అన్నీ అక్కడే చూసి నేర్చుకుంది. పెళ్లయిన మూడో ఏట పుట్టింటికి వెళ్లి తడిగుడ్డలో ఏడు తీగ ముక్కలు చుట్టుకుని వచ్చింది. వాళ్లాయన మంగ్లు ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతాడు. అందరి పెళ్లాలూ పుట్టింటినుంచి ఇత్తడి గిన్నెలు తెస్తే తన పెళ్లాం పాకే మొక్కలు తెచ్చిందట. ఆ ఏడు ముక్కలూ పెరటి వెనక సిల్వర్ ఓక్ చెట్ల మీదికి ఎక్కాయి, తర్వాత డెబ్భై అయ్యాయి, ఆ తర్వాత ఊరంతా అయ్యాయి.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నా పేరు శివప్రసాద్, మాది చోడవరం వైపు. ఉద్యానంలో డిప్లొమా చేసి, ఇరవై నాలుగేళ్లకి ఉద్యోగం వచ్చి, జి.మాడుగుల మండలంలో కొండల మీద ఎనిమిది ఊళ్లకి ఉద్యాన సహాయకుడిగా వచ్చాను. ఆఫీసు కింద ఊళ్లో ఉండేది, జీలుగుబంద అక్కడికి ఏడు కిలోమీటర్ల పైన. కనకకి మా అమ్మ వయసు. అయినా మొదటిరోజే 'నువ్వు' అన్నాను, మావాళ్లందరూ అలాగే అంటారు కాబట్టి. ఆమె నన్ను బాబూ అనేది. ఎవరు ఎవరికి నేర్పాలో ఆ పిలుపుల్లోనే తేలిపోయిందని అప్పుడు నాకు అనిపించింది. ఎంత తప్పుగా తేలిందో తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

వాళ్ల విత్తనాల పండగ గురించి చెప్పకపోతే తక్కినది అర్థం కాదు. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. ప్రతి ఇంటివాళ్లూ చోళ్లు, సామలు, కందులు, రాజ్మా, తమ దగ్గరున్న ప్రతి విత్తనంలోంచీ దోసెడు తెచ్చి శంకుదేవుడి రాయి దగ్గర ఒకే పెద్ద బుట్టలో పోస్తారు. ముహూర్తాలు పెట్టే దిసారి పూజ చేసి, అన్నీ కలిసిపోయిన ఆ గింజల్ని మళ్లీ ఇంటికి ఇంత అని పంచుతాడు. దాన్ని సొంత విత్తనంలో కలిపి చల్లుకుంటారు. అంటే ఏ చేనులో చూసినా ఊరందరి గింజా ఉంటుంది. జీలుగుబందలో ఇంకో కట్టు కూడా ఉంది. దోసిలి బుట్టలో పోసేముందు, "పుచ్చు నేదు, దాపరికం నేదు" అని పైకి చెప్పాలి. ఆ రెండు మాటలూ చెప్పలేనివాళ్లు పొయ్యకూడదు. చెడ్డ విత్తనం ఇచ్చినవాళ్లు, ఆ చెడ్డ మొత్తం ఊరి నేలలోంచి బయటికి పోయేదాకా దూరంగా నిలబడాలి.

మిరియం దేవుడి పంట కాదు, నిన్నగాక మొన్న వచ్చింది. అయినా కనక పదేళ్లుగా పండక్కి బుట్ట పక్కన తీగ ముక్కల కట్టలు కూడా పెట్టడం మొదలెట్టింది. అడిగిన ఇంటికి ఒక కట్ట. దిసారి ఫల్గుణ మొదట గొణిగాడట గానీ, అతని చెట్ల మీద కూడా తీగలు కాయడం మొదలయ్యాక వాటి మీదా నాలుగు బియ్యపు గింజలు చల్లేవాడు.

నేను వచ్చిన మొదటి ఫిబ్రవరి, అంటే 2021లో, కనక తన తోటకి రమ్మని కబురు పెట్టింది. వెళ్లాను. కొన్ని తీగల ఆకులు చిన్నవై, బిరుసెక్కి, అంచులు అలలు అలలుగా ముడుచుకుని ఉన్నాయి. ఆకుల మీద పసుపు మచ్చలు. ఆమె ఒక కొమ్మ పట్టుకుని కణుపుకీ కణుపుకీ మధ్య వేళ్లు పెట్టి చూపించింది. నాలుగు వేళ్లు పట్టాల్సిన చోట రెండు వేళ్లే పట్టాయి. గుత్తులు కూడా పొట్టిగా, గింజ పట్టీ పట్టనట్టు ఉన్నాయి.

అప్పటికి నేను మిరియం తోట చూడటం అదే మూడోసారి. నాకు తెలియదు అని ఉండాల్సింది. ఆకులు రెండు కోసుకుని చింతపల్లి పరిశోధన కేంద్రానికి పంపిస్తాను అని ఉండాల్సింది. కానీ కొత్త ఉద్యోగం, కొత్త సంచి, మెడలో గుర్తింపు కార్డు. తెలియదు అనే మాట గొంతు దాటలేదు. ఆకు చిన్నదైంది, పసుపెక్కింది, కాబట్టి జింకు లోపం అన్నాను. పుస్తకంలో ఆ పేజీ నాకు గుర్తుంది. దాని పక్క పేజీ గుర్తులేదు.

"ఇది రోగం కాదు కదా బాబూ" అని అడిగింది.

"రోగం కాదు. బలం చాలలేదు, అంతే" అన్నాను.

చూసే కళ్లుంటే అప్పుడే కనిపించేది. జింకు చాలకపోతే ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య పసుపు తిరుగుతుంది. తోటంతా ఇంచుమించు ఒకేలా పాలిపోతుంది. అక్కడ అలా లేదు. ఒక చెట్టు మీది తీగ నిగనిగలాడుతుంటే పక్క చెట్టు మీదిది ముడుచుకుపోయింది. మచ్చలు ఈనెల్ని లెక్కచెయ్యకుండా ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. తీగ మొదట్లో చీమలు బారులు కట్టాయి. చీమలున్నచోట కింద రసం పీల్చే పిండినల్లి పురుగు ఉంటుందేమో మట్టి కదిపి చూడాలి. నేను బూట్లకి మట్టి అంటుకుంటుందని రాయి మీద నిలబడి మాట్లాడాను.

జింకు సల్ఫేట్ ఇప్పించాను. మంగ్లు వీపున డబ్బా వేసుకుని కొట్టాడు. ఆ ఏడు వానలు త్వరగా వచ్చాయి, బాగా వచ్చాయి. తీగలన్నీ కొత్త చిగురు వేశాయి. చూడటానికి పచ్చగా ఉన్నాయి. మా మండలం మీటింగులో నేను ఆ తోట ఫొటోలు చూపించి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఆ అక్టోబరులో ఒక ఉదయం కనక ఆఫీసుకి వచ్చింది. ఏడు కిలోమీటర్లు నడిచి వచ్చింది. ఆరోజు జీపు లేదు. నాకు ఆ ఉదయం అదృష్టం బాగుండి సిగ్నల్ దొరికింది, పంటల ఫొటోలు ఫోనులో ఎక్కిస్తున్నాను. ఆఫీసులో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో నా హెల్మెట్టు, సంచి. ఆమె గుమ్మం పక్కన నిలబడింది.

"బాబూ, వాగువార తీగ ఒకదానికి మందు కొట్టకుండా ఒగ్గీసినాను. అది కూడా పచ్చబడిపోనాది" అంది.

మంచిదే కదా అన్నాను.

"కొట్టనిది కూడా పచ్చబడిందంటే, మందు వల్ల కాదు కదా" అంది.

ఈ ఒక్క మాట దగ్గర నేను తలెత్తి ఉంటే ఈ కథే లేదు. వానలు బాగా పడ్డాయి, అన్నీ కోలుకున్నాయి అన్నాను, ఫోను చూస్తూనే. ఫొటో ఎక్కుతోంది, సగంలో ఆగింది, మళ్లీ ఎక్కుతోంది. ఆమె, మరి పండక్కి ముక్కలు పంచొచ్చా అని అడిగింది. పంచు అన్నాను. ఆమె ఇంకా కొంచెంసేపు నిలబడింది. ఏదైనా అడుగుతానేమోనని చూసి ఉంటుంది. తర్వాత చూస్తే గుమ్మం దగ్గర లేదు.

నర్సరీలో పనిచేసే రోజుల్లో ఏ కొత్త ఎరువు వచ్చినా ఒక వరసకి వెయ్యకుండా వదిలేవారట. ఆ అలవాటు ఆమెకి ఉండిపోయింది. రెండేళ్ల చదువులో మా మాస్టార్లు నాకు నేర్పాలని చూసింది అదే. పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తే పది మార్కులకి పది తెచ్చుకున్నాను. ఆ చదువు రానిదని నేననుకున్న మనిషి అదే పని చేసి, నడిచి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి చెబితే నాకు వినపడలేదు.

2022 ఏప్రిల్లో పండగ జరిగింది. కనక ఇరవై ఆరు కట్టలు పెట్టింది. పుచ్చు నేదు, దాపరికం నేదు అంది. ఇరవై ఆరు ఇళ్లవాళ్లు పట్టుకెళ్లి, కవర్లలో వేరు పట్టించి, తొలకరికి సిల్వర్ ఓక్‌ల మొదట్లో ఆమె చేతే నాటించుకున్నారు.

మరుసటేడు చలికాలానికి అవి ఎదగడం మానేశాయి. భుజాలెత్తు వచ్చినవి అక్కడే ఆగాయి. ఆకులు చిన్నవై ముడుచుకున్నాయి. ఊళ్లో ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు గానీ, నారింజ మొక్కలు తెచ్చుకున్న ఒక ఇంటివాళ్లు కనకని పిలవకుండా నాటుకున్నారు. తర్వాత ఇంకో ఇంటివాళ్లు. ఆమె చెయ్యి పాడైపోయిందని మంగ్లు చెవిన పడింది. అతను ఇంటికొచ్చి చెప్పలేక రెండ్రోజులు సంతలో తిరిగాడట. చెప్పేసరికి ఆమెకి ముందే తెలుసు.

అప్పుడు ఆకులు కోసి పంపించాను. ఆ పని చెయ్యడానికి నాకు మూడేళ్లు పట్టింది. 2024 జనవరిలో పరిశోధన కేంద్రం నుంచి రాజకుమారి గారని ఒక శాస్త్రవేత్త వచ్చారు. ఆవిడ రాయి మీద నిలబడలేదు. వచ్చీరాగానే తీగ మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని మట్టి కదిపి, వేళ్లకి తెల్లగా అంటిన పిండినల్లిని అందరికీ చూపించారు. ఊరివాళ్లు చుట్టూ కూర్చున్నారు. ఇది వైరస్ అని, మనిషికి జలుబు వచ్చినట్టు వచ్చి పోయేది కాదని, తీగ బతికున్నంతకాలం తీగలోనే ఉంటుందని చెప్పారు. దీనికి మందు లేదు. వానలు బాగా పడితే కొత్త చిగురు పచ్చగా వచ్చి రోగం దాక్కుంటుంది. ఆ సమయంలో చూసి బాగుందనుకుని ముక్కలు కోస్తే ప్రతి ముక్కతోనూ రోగం వెళుతుంది. పిండినల్లి కొంత దూరం మోస్తుంది గానీ, ఎక్కువ దూరం మోసేది మనిషే అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. అయినా ఊరంతా కనక వైపు చూసింది.

తర్వాత ఆవిడ పుస్తకం తెరిచి, మొదట ఈ లక్షణాలు ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని అడిగారు.

కనక నా వైపు చూసింది. ఒక్కసారే. నేను రిజిస్టరులోకి తల దించుకున్నాను. అందులో రాయాల్సింది ఏమీ లేదు. నా ఉద్యోగం ఖాయమైన కాగితం చేతికొచ్చి ఏడాది దాటింది, దాని భయం కూడా కాదు. నా తెలివితక్కువతనం ముప్పై ఒక్క గడపల ముందు బయటపడుతుందన్న సిగ్గు, అంతే. అంత చిన్న దానికోసం నోరు మూసుకున్నాను.

"నేనే సూసినాను. మూడేళ్లయింది. సూసి ఊరుకున్నాను" అంది కనక.

రాజకుమారి గారు రాసుకున్నారు.

అక్కడినుంచి కనక చేసిన పని గురించి చెప్పాలి. ఏ తీగ తియ్యాలో ఏది ఉంచాలో గుర్తుపట్టడం రాజకుమారి గారి దగ్గర ఒక్కరోజులో నేర్చుకుంది. మర్నాడు తన డెబ్భై తీగలూ తనే పీకేసింది. పుట్టింటినుంచి తెచ్చిన ఏడూ ముందు పీకింది. తర్వాత ఇంటింటికీ వెళ్లింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. పద్ధతిగా చేసింది. రోగం లేని తోటలు ముందు చూసి, రోగం ఉన్నవాటికి చివర వెళ్లేది. ఉన్నదాంట్లోంచి లేనిదాంట్లోకి ఒక్కనాడూ కాలు పెట్టలేదు. తీగని చెట్టు నుంచి ఊడదీసేముందు గోనెసంచి కింద పరిచేది, పిండినల్లి రాలి పోకుండా. వేరుతో సహా తవ్వి, సంచిలో కుక్కి, ఆ తోటలోనే బండ మీద వేసి కాల్చేది. ప్రతి చెట్టుకీ కత్తి సబ్బునీళ్లలో కడిగేది. చీమల పుట్టలు తవ్వించేది. ఒకసారి చూసిన తోట ఆరు వారాలకి మళ్లీ చూసేది, ఎందుకంటే రోగం దాక్కుంటుందని ఇప్పుడు ఆమెకి తెలుసు.

ఆ సంచులు పట్టుకున్నది నేను. సర్వే పేరుతో వెళ్లేవాణ్ని. ప్రతి తోటలోనూ, ఈరోజు చెప్పేస్తాను అనుకునేవాణ్ని. ప్రతి తోటలోనూ ఇంకో చెట్టు అయ్యాక అనుకునేవాణ్ని. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. పాత పద్ధతిలోనే బాబూ అనేది, సంచి బరువైతే అటు చివర తనూ పట్టుకునేది. కోపం చూపించినా బాగుండేది.

గంగ అని ఒక వితంతువు ఉంది ఆ ఊళ్లో. ఆమెకి నలభై చెట్ల మీద తీగలున్నాయి, వాటి మీదే ఆశలన్నీ పెట్టుకుంది. ఆమె తోటకి వెళ్లినరోజు కనక గుమ్మం బయటే ఆగి, లోపలికి రానా అని అడిగింది. గంగ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"నీ సేత్తోనే నాటించుకున్నాను. నీ సేత్తోనే పీకెయ్" అంది.

నలభై తీగలూ పీకేదాకా గంగ అక్కడే నిలబడి చూసింది. మిరియం తీగ చెట్టు బెరడుని వేళ్లతో పట్టుకుని ఉంటుంది, లాగితే చిన్నగా చిరిగిన చప్పుడు అవుతుంది. నలభై సార్లు ఆ చప్పుడు విన్నాను.

ఆ ఏడు పండక్కి కనక తన గుమ్మం దాటలేదు. ఇంట్లో గింజలున్నాయి. మంగ్లు కూడా వెళ్లలేదు. ఆ ఇంటి దోసిలి లేకుండా బుట్ట నిండడం ఆ ఊళ్లో ముప్పై ఏళ్లలో అదే మొదలని ఫల్గుణ నాతో అన్నాడు. నేను తలూపాను.

మొత్తం మీద పద్నాలుగు నెలలు పట్టింది. 2025 మార్చికల్లా ఊళ్లో రోగం తీగ ఒక్కటి కూడా లేదని రాజకుమారి గారు మళ్లీ వచ్చి తిరిగి చూసి చెప్పారు. పరీక్ష చేసిన తల్లి తీగల్నుంచి వలపందిరి కింద పెంచిన కొత్త మొక్కలు ఇప్పించారు. ఏప్రిల్లో పండగ. ఈసారి ఫల్గుణ స్వయంగా కనక ఇంటికి వెళ్లి, చెడ్డ మొత్తం పోయింది కాబట్టి కట్టు తీరిందని, రమ్మని పిలిచాడు. నన్ను కూడా పిలిచారు. కొబ్బరికాయ పట్టుకుని వెళ్లి, రాయికి కొంచెం దూరంలో మిగతావాళ్లతో నిలబడ్డాను.

ఒక్కొక్కరే వచ్చి రెండు మాటలూ చెప్పి దోసిలి పోస్తున్నారు. కనక వంతు వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. రెండు చేతుల్లో చోళ్లు. బుట్ట ముందు నిలబడింది.

"పుచ్చు నేదు" అంది.

రెండో మాట రాలేదు. అందరూ ఎదురుచూశారు. మర్చిపోయిందేమోనని ఫల్గుణ నెమ్మదిగా అందించాడు. ఆమె తలడ్డంగా ఊపింది. చేతులు అలాగే చాపి, వేళ్ల సందుల్లోంచి ఒకటీ అరా గింజలు కిందపడుతుంటే, బుట్టకేసి చూస్తూ నిలబడిపోయింది. నా వైపు చూడలేదు. ఈసారి ఒక్కసారి కూడా చూడలేదు.

ఆమె ఎందుకు అనలేకపోతోందో అక్కడున్నవాళ్లలో నాకొక్కడికే అర్థమైంది. ఆమె దగ్గర దాపరికం ఉంది. అది నాది. ఏడాదికి పైగా నా తప్పుని తన కొంగులో కట్టుకుని మోస్తోంది. దేవుడి ముందు లేదని అబద్ధం చెప్పలేదు, నలుగురి ముందు విప్పి నన్ను అల్లరిపెట్టనూ లేదు. ఇంకాస్సేపు చూసి వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోతుంది. వెళ్లిపోతే మళ్లీ ఎప్పటికీ రాదు. కొబ్బరికాయ కింద పెట్టి ముందుకి నడిచాను.

"ఆ రోగం మొదట చూసింది నేను. రోగం కాదని చెప్పింది నేను. పండక్కి పంచమన్నది కూడా నేనే" అన్నాను.

ఫల్గుణ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఇంకేటైనా ఉందా బాబూ" అన్నాడు.

ఉంది. మందు కొట్టకుండా వదిలిన తీగ సంగతి, ఆమె ఏడు కిలోమీటర్లు నడిచి రావడం, గుమ్మం దగ్గర నిలబడటం, నేను ఫోనులోంచి తల ఎత్తకపోవడం, శాస్త్రవేత్త అడిగినప్పుడు తల దించుకోవడం, అన్నీ చెప్పాను.

గంగ రాతి మీద కూర్చుని ఉంది. "ఆరోజు నా తోటలో గోనెసంచి పట్టుకుని నిలబడ్డావు బాబూ" అంది. అది చాలు. ఇప్పటికీ గోనెసంచి చూస్తే ఆ మాట వినపడుతుంది.

అప్పుడు కనక మాట్లాడింది. తప్పంతా బాబుది కాదని, కొట్టని తీగ చూసినప్పుడే తనకి అనుమానం వచ్చిందని ఊరికి చెప్పింది. "ఏటేటా పంచిన సెయ్యి ఆ ఏడు కాళీగా రావడానికి సిగ్గేసింది. పేరు మీద ఆశపడి పంచినాను" అంది. తర్వాత బుట్ట వైపు తిరిగి, "దాపరికం నేదు" అంది. చోళ్లు బుట్టలో పోసింది.

నన్నెవరూ తిట్టలేదు, కొట్టలేదు. భోజనాల దగ్గర విస్తరి కూడా వేశారు. కిందికి వచ్చాక జరిగింది జరిగినట్టు ఆఫీసుకి రాసి ఇచ్చాను. ఒక మెమో వచ్చింది, జవాబిచ్చాను, కాగితం ఫైల్లోకి పోయింది. ఊరి శిక్ష అంత తేలిగ్గా పోలేదు. ఇప్పుడు జీలుగుబందలో నేను ఏ చేను చూసి ఏమి చెప్పినా అందరూ ఓపిగ్గా వింటారు. విని, "ఒకసారి కనకమ్మకి సూపించి వత్తాం బాబూ" అంటారు. ఎగతాళిగా అనరు. మామూలుగా అంటారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆమెనేమో మళ్లీ నాట్లకి పిలుస్తున్నారు. వెళుతోంది గానీ, నాటేముందు ప్రతి మొక్కనీ ఎండకెత్తి ఆకు వెనకా ముందూ చూస్తుంది. పది నిమిషాల పనికి గంట పడుతోందని మంగ్లు విసుక్కుంటాడు.

మొన్న నవంబరులో గంగ తోటలో కొత్త తీగల ఆకులు పసుపు తిరిగాయి. వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఈనెలు పచ్చగా ఉన్నాయి, మధ్యలో పసుపు, అన్ని తీగలూ ఇంచుమించు ఒకేలా. చీమలు లేవు, పిండినల్లి లేదు, కణుపులు నాలుగు వేళ్లూ పడుతున్నాయి. ఈసారి నిజంగా జింకు లోపమే అనిపించింది. అనిపించింది అనే గంగకి చెప్పాను. ఆకులు చింతపల్లికి పంపించాను. మందు కొట్టించి, ఒక తీగకి కొట్టకుండా వదిలి, దానికి ఎర్రగుడ్డ కట్టాను. నెల తర్వాత కొట్టినవి తేరుకున్నాయి, ఎర్రగుడ్డ తీగ అలాగే పాలిపోయి ఉంది. చింతపల్లి నుంచి కూడా అదే కబురు వచ్చింది.

మర్నాడు ఉదయం మందు కొట్టిన తీగదీ, కొట్టనిదీ రెండు ఆకులూ కాగితంలో చుట్టుకుని కనక ఇంటికి బయల్దేరాను. జీపు లేదు, బండి తియ్యబుద్ధి కాలేదు. ఏడు కిలోమీటర్లూ నడిచాను. ఆమె తన మాట చెప్పడానికి ఎంత దూరం వచ్చిందో కాళ్లకి అప్పుడు తెలిసింది. వెళ్లేసరికి కనక వాకిట్లో రాజ్మా చేటతో చెరుగుతోంది. గుమ్మం పక్కన నిలబడి, పనిలో ఉన్నారా, తర్వాత రానా అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుంది. లోపలికి వెళ్లి, ఇంట్లో ఉన్న ఒక్క ముక్కాలిపీటా తెచ్చి నా ముందు వేసి, తను నేల మీద కూర్చుంది.

"కూకో బాబూ" అంది. "సెప్పు."